కిటికీలు మూసుకొన్న బండి

పెనుకొండ స్టేషనులో సరకులెక్కించు మార్గమున నిలిచియుండు ఆ బండిని దూరమునుండి చూచువారికి అది ప్రయాణికుల బండియే యని తోచును. ఆ పొడవు, ఆ వంపుతిరిగిన పైకప్పు, ఆ చక్రముల యమరిక, అన్నియు చిరపరిచితములే. దగ్గఱకు పోయి చూచినచో కిటికీ లుండవలసిన చోట ఇనుప రేకులు అతుకబడి యుండును. లోపల బల్లలు లేవు, పంకాలు లేవు. 2019లో ఉత్పత్తి ప్రారంభించిన ఎఱ్ఱమంచి కియా కర్మాగారమునుండి వచ్చిన క్రొత్త కార్లు ఒకదాని వెనుక నొకటి నిలిచి యుండును. రైల్వేవారు దీనిని ఎన్.ఎం.జి. వ్యాగన్ అందురు, న్యూ మాడిఫైడ్ గూడ్స్ అనుటకు అవి పొడి యక్షరములు. మనుష్యులను మోసి వయస్సు మీఱిన పెట్టె సరకుబండిగా ఎత్తిన రెండవ జన్మ మిది.

ఈ మార్గమునకు సరకులు క్రొత్త కావు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమున మీటరు గేజి పట్టాలు పడిన నాటినుండి, 1980 దశకమున అవి 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజిగా మాఱు వఱకును, ఆ తరువాతను, హిందూపురపు బెల్లమును చింతపండును, సీమ వేరుసెనగయు ఎఱిగిన ప్రాంత మిది. బస్తాలలో పట్టు సరకునకు ఏ వ్యాగనైనను చాలును. ఖనిజములను, బొగ్గును మోయు బాక్సెన్ వ్యాగన్ తాను 22.47 టన్నులు తూగుచు, 58 టన్నులకు పైబడిన బరువు నెత్తుకొనును. కారు అట్టిది కాదు. అది తూకమునకు స్వల్పము, చోటునకు అధికము. పైగా చిన్న గీతపడినను కొనువాడు ఒల్లడు.

ఈ పెట్టె మొదటి జన్మము మదరాసు పెరంబూరులో. స్విట్జర్లాండులోని ష్లీరెన్ సంస్థ రూపకల్పన ననుసరించి పెట్టెలు చేయుటకై స్థాపింపబడిన ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీని 1955 అక్టోబరు 2వ తేదీన నెహ్రూ ప్రారంభించెను. అంతకు ముందటి పెట్టెలలో అడుగున నున్న బలమైన చట్రమే భారమంతయు మోయుచుండగా, పైనున్న గది కేవలము ఆచ్ఛాదనముగా నుండెడిది; ఈ క్రొత్త పెట్టెలో నేల, గోడలు, పైకప్పు, చివరి గోడలు కలిసి యొకే గుల్లయై భారమును పంచుకొనును. లేపాక్షి వీరభద్రాలయమున వేలాడు స్తంభమును చూచినవారు, భారము మోయుచున్నట్లు కనబడునది నేలను పూర్తిగా తాకకయే నిలుచుట చూచి విస్మయపడుదురు. ఇచ్చట దానికి విపరీతము, తెరవలె కనబడు పలుచని గోడయే నిజముగా భారము మోయుచున్నది.

కావుననే దీనిని మార్చుట రేకులు కత్తిరించినంత సులభము కాదు. కార్లు ప్రక్క తలుపులనుండి ఎక్కజాలవు. పెట్టె కొననుండియే నడిపింపవలెను. అందులకై చివరి గోడను కోసి, వెడల్పయిన రెండు రెక్కల తలుపు నమర్తురు. గుల్లలో నొక పార్శ్వమును కోసిన తరువాత, ఆ గోడ వహించిన బలమును మఱియొక దారిని చేర్పక తప్పదు గదా! తలుపు చుట్టును దృఢమైన ఉక్కు చట్రము పొదుగుటయు, నేలను గట్టిపఱచుటయు అందులకే. కిటికీలకు రేకులు అతుకుట దొంగతనమునకును, రాళ్ల దెబ్బలకును విరుగుడు. కాని గోడలోని రంధ్రములు పూడిన కొలదియు దాని దార్ఢ్యము కొంత పెరుగుననుట గమనింపదగినది. పెట్టెకు పెట్టెకు నడుమ వాల్చెడి ఇనుప పలకలుండును. ర్యాంపుపై నెక్కిన మొదటి కారు, ఇరువదియైదు పెట్టెల బండినైనను ఈ కొననుండి ఆ కొన వఱకు లోలోపలనే నడచిపోవును. అద్దములు ముడుచుకొని, ఇరుకైన చోటులో నిదానముగా పోవలసిన ఆ కారు డ్రైవరు నేర్పునకు ఏ పత్రికయు ఇంతవఱకు తగిన గౌరవ మిచ్చినట్లు లేదు.

ఇంక నాకు అన్నిటికంటె రమ్యముగా తోచిన విషయము తూకమునకు సంబంధించినది. 21.3 మీటర్ల పెట్టెలో, 4.3 మీటర్ల కియా సెల్టోస్ కార్లు నాలుగు మాత్రమే సుఖముగా పట్టును. ఒక్కొక్కటి ఒకటిన్నర టన్నులకు లోపు. మొత్తము ఆరు టన్నులకు మించదు. అదే పెట్టెలో పూర్వము తొంబది మంది కూర్చుండెడివారు. మనిషికి 65 కిలోల చొప్పున లెక్కించినచో, అదియు ఆరు టన్నులకు కొంచెము తక్కువయే! ముప్పదికి పైబడిన టన్నుల పెట్టె ఆరు టన్నులు మోయుట తూకపు శాస్త్రమున దుబారా యనిపించును గాని, ప్రయాణికుల సుఖమునకై అమర్చిన మెత్తని స్ప్రింగులకు ఈ క్రొత్త భారము పాతదానివంటిదే. అరువది టన్నులను తలచుకొని కట్టిన బాక్సెన్ స్ప్రింగులు ఆరు టన్నులకు వంగనే వంగవు. పట్టాల ప్రతి అతుకును సరకునకు నేరుగా అందించును. కార్ల కొఱకు పాత ప్రయాణికుల పెట్టెను వెదకుటలో పొదుపుబుద్ధియే కాక ఇట్టి యుక్తియు కలదు.

బొమ్మరైళ్లను 1:87 నిష్పత్తిలో చేయు అభిరుచిపరులకు ఈ లెక్క మఱియొక విధముగా ఎదురగును. పొడవు 87వ వంతగునప్పుడు బరువు 6,58,503వ వంతగును. 37 టన్నుల పెట్టె 56 గ్రాములకు దిగిపోవును. అంత తేలికది వంపులలో పట్టా తప్పును గనుక, అమెరికా నమూనా రైళ్ల సంఘపు సూత్రము ననుసరించువారు దానికి దాదాపు మూడింతల బరువు నిచ్చుటకై నేలక్రింద సీసపు ముక్కలు దాతురు.

పెరంబూరులో ఈ పాతరకపు పెట్టెల తయారీ 2018 జనవరితో ముగిసెను. ఇరువదియైదేండ్ల ఆయువు చెల్లిన పెట్టెలు ఇంకను కొంతకాలము దొరకును. అటుపిమ్మట రెండవ జన్మమునకు రావలసినవి జర్మను రూపకల్పనగల ఎల్‌హెచ్‌బి పెట్టెలే. వాని పొడవు 23.54 మీటర్లు. తలుపుల మందమును, కారునకు కారునకు నడుమ విడువవలసిన చోటును తీసివేసినను, ఐదవ సెల్టోస్ పట్టుటకు అవకాశ మున్నట్లే లెక్క చెప్పుచున్నది.