మూపురానికి మార్కుల కోత!

ఒంగోలు గిత్తను కొనేవాళ్ల చూపు ముందుగా మూపురం మీదే పడుతుంది. నిండుగా ఉంటే ధర పెరుగుతుంది. సింధనూరు, గంగావతి వైపు తెలుగు క్యాంపుల్లో బండలాగుడు కబుర్లు విన్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఆస్ట్రేలియా కబేళాల్లో మాత్రం అదే మూపురాన్ని స్కేలు పెట్టి కొలుస్తారు. ఎత్తు పెరిగేకొద్దీ మాంసానికిచ్చే మార్కులు తగ్గుతాయి. మన కంటికి అందం, వాళ్ల పంటికి గట్టిదనం అన్నమాట!

ఆ మూపురం అక్కడికి వెళ్లింది మన దేశం నుంచే. ఒంగోలు, గిర్, కాంక్రేజ్‌తో పాటు కర్ణాటక - మహారాష్ట్ర సరిహద్దు జాతి కృష్ణా వ్యాలీని కలిపి అమెరికాలో ‘బ్రాహ్మణ్’ జాతిని తయారు చేశారు. 1933లో అది ఆస్ట్రేలియా చేరింది. బ్రెజిల్‌లో ఒంగోలు జాతికి ‘నెలోర్’ అని పేరు. అంటే మన నెల్లూరే. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరుతో 1960ల్లో వెళ్లిన ఆంబోతు సంతానం అక్కడ ఎన్నో మందల్లో ఉంది. ఎండకు, పిడుదులకు తట్టుకోవడంలో వీటికి సాటిలేదు. చిక్కల్లా మాంసం దగ్గరే.

పశువును కోశాక కండ బిగుసుకుంటుంది. శీతల గదిలో కొన్ని రోజులుంచితే మెత్తబడుతుంది. ఆ పని చేసేది కండలోనే ఉండే కాల్పైన్ అనే ఎంజైమ్. దానికి కళ్లెం వేసేది కాల్పాస్టాటిన్ అనే మరో ప్రొటీన్. మూపురం జాతుల్లో ఈ కళ్లెం బిగువు ఎక్కువ.

అయితే మందలో అన్నీ ఒకేలా ఉండవు కదా? మెత్తటి మాంసమిచ్చే ఆంబోతు ఏదో ముందే తెలిసేదెలా? కోస్తే ఆంబోతే పోతుంది. అందుకే దాని సంతానాన్ని పెంచి, కోసి, ఆ మాంసం వండి, యంత్రంతో తెగ్గొట్టి ఎంత బలం పట్టిందో చూసేవారు. ఏళ్లు పట్టే పని. జన్యు గుర్తులు వచ్చాక దూడ తోక వెంట్రుకల కుదుళ్లు చాలు. అమెరికాలోని నెబ్రాస్కాలో క్లే సెంటర్ శాస్త్రవేత్తలు 2002లో కాల్పైన్ జన్యువులో ‘316’ అనే గుర్తును ప్రకటించారు. డీఎన్ఏలో ఒక్క అక్షరం తేడా, అంతే. కానీ ఆ మెత్తదనపు అక్షరం మూపురం జాతుల్లో బహు అరుదు. దాంతో అసలు అవసరమున్న చోటే పరీక్ష అక్కరకు రాలేదు. 2005లో వచ్చిన ‘4751’ గుర్తు రెండు రకాల పశువులకూ పనికొచ్చింది.

అలాగని ఒక్క గుర్తు చూసి ఆంబోతును కొంటే, ఒక్క పొంతన కుదిరిందని ముహూర్తం పెట్టుకున్నట్టే. మేత, వయసు, కోతకు ముందు బెదురు, మాంసం చల్లబడే వేగం... అన్నీ లెక్కలోకొస్తాయి. ఇప్పుడు వేల గుర్తులను ఒకే చిప్ మీద చూస్తున్నారు. బ్రెజిల్ బృందం 2012లో నెలోర్ ఆంబోతు జన్యుపటాన్నే ప్రచురించింది.

మాంసం లెక్కలు మనలో చాలామందికి రుచించకపోవచ్చు. మనోళ్లు దుక్కి కోసం, బండి కోసం గిత్తను ఎంచారు, మాంసం కోసం కాదు. కానీ విషయం అక్కడితో ఆగదు. కొద్దిపాటి ఆంబోతుల నుంచే అంత పెద్ద మందలు పెరగడంతో బ్రెజిల్‌లో రక్తసంబంధం దగ్గరైపోయింది. మన దగ్గర గుంటూరు పక్కన లాం, ప్రకాశం జిల్లా చదలవాడ ఫారాలు ఈ జాతిని కాపాడుతున్నాయి. ట్రాక్టరొచ్చాక రైతు కొట్టంలో మాత్రం ఒంగోలు జత కనబడటం తగ్గిపోయింది.