దల్మా అడవిలో ఊయల కడితే అంటే జిగురు: ఏది నీళ్లకు పోతుంది, ఏది పోదు?

జంషెడ్‌పూర్‌లో సెలవు దొరికితే చాలామంది చూపు దల్మా కొండల వైపే ఉంటుంది. సుమారు 193 చదరపు కిలోమీటర్ల ఈ ఏనుగుల అభయారణ్యం ఊరికి దగ్గరే. ఎవరెస్ట్ ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ ఏళ్ల తరబడి నడిపిన టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్ ఉన్నదీ ఈ ఊళ్లోనే. అందుకే ఇక్కడి కుర్రకారుకు కొండ, తాడు, టెంటు కొత్త కాదు. టాటా కంపెనీ పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలూ వీళ్లలో ఉన్నారు.

ఈమధ్య టెంటు బదులు రెండు చెట్ల మధ్య కట్టుకునే నైలాన్ హ్యామక్, అదే ఊయల, వాడకం పెరిగింది. బరువు తక్కువ, చదునైన నేల వెతుక్కునే పని లేదు. కాకపోతే ఇంటికొచ్చి సంచి విప్పితే పట్టీలు గుడ్డకు, గుడ్డ టార్పాలిన్‌కు అంటుకుపోయి ఉంటాయి. చెట్టు నుంచి కారిన జిగురు పని అది. దాన్ని ఎలా వదిలించాలో తెలియాలంటే ముందు అది ఏ రకమో తెలియాలి.

జిగురు అంతా ఒకటి కాదు

మనం బంక, జిగురు, పాలు అని రకరకాల పేర్లతో పిలిచేవాటి రసాయన గుణాలు వేరు. తుమ్మ బంక, వేప బంక నీటిలో నానితే ఉబ్బి మెత్తబడతాయి. ఇవి అంటిన గుడ్డను గోరువెచ్చని నీళ్లలో గంటసేపు నానబెడితే చాలు. మామిడి చెట్టు కింద పూత కాలంలో ఊయల కడితే పైనుంచి సన్నగా రాలే జిగట చెట్టుది కానే కాదు, తేనెమంచు పురుగు విసర్జించే తీపి ద్రవం. సబ్బు నీళ్లతో పోతుంది. అలాగే వదిలేస్తే మాత్రం దానిపై నల్లటి మసిలా బూజు పెరుగుతుంది.

దల్మాలో ఎక్కువగా ఎదురయ్యేది సాల వృక్షం. తెలుగులో దీన్నే గుగ్గిలం చెట్టు అంటాం, ధూపం వేసే గుగ్గిలం దీని నుంచే వస్తుంది. ఇది నీటిలో కరగదు. ఎంత ఉతికినా కదలదు సరికదా, వేడి నీళ్లు పోస్తే కరిగి దారాల్లోకి ఇంకా లోతుగా దిగుతుంది. దీన్ని కరిగించేది స్పిరిట్.

జార్ఖండ్‌కు ఈ విషయం కొత్తగా చెప్పక్కర్లేదు. దేశంలో లక్క ఉత్పత్తిలో ముందుండే రాష్ట్రం ఇది. లక్క మీద పరిశోధనకు రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924లోనే సంస్థ పెట్టారు. లక్క పెళుసులను వడ్రంగులు స్పిరిట్‌లో కరిగించి తలుపులకు పాలిష్ పెడతారు కదా, గుగ్గిలం మరకకూ అదే సూత్రం.

పనస, మర్రి పాలది మూడో దారి. పనసకాయ కోసేముందు చేతికి, కత్తికి నూనె రాసుకోవడం మన వంటింట్లో అందరికీ తెలిసిందే. పట్టీకి పాలు అంటినా ముందు కాస్త కొబ్బరినూనె రుద్ది, తర్వాత ఆ నూనెను సబ్బుతో తీయాలి. మోదుగ బెరడు నుంచి వచ్చే ఎర్రటి రసానికి మాత్రం ఆలస్యం పనికిరాదు. ఆరకముందే చన్నీళ్లతో కడగాలి, ఆరితే మరక మిగులుతుంది.

గుగ్గిలం మరక తీయడం ఎలా?

పట్టీని ప్లాస్టిక్ సంచిలో చుట్టి కొన్ని గంటలు డీప్ ఫ్రిజ్‌లో పెట్టండి. చలికి గుగ్గిలం గట్టిపడి పెళుసవుతుంది. పాత ఏటీఎం కార్డు అంచుతో గీకితే చాలావరకు రాలిపోతుంది. మిగిలినదానిపై ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉన్న శానిటైజర్‌ను దూదితో అద్ది, మరక అంచు నుంచి మధ్యకు తుడవండి. ఆ తర్వాతే సబ్బు నీళ్లు. మరక తీయకుండా వాషింగ్ మెషీన్‌లో వేస్తే గుడ్డంతా అంటుతుంది. ఇస్త్రీ పెట్టె జోలికి అసలే వద్దు.

టార్పాలిన్ విషయంలో జాగ్రత్త. చవక రకాలకు లోపలివైపు పాలీయురెథేన్ పూత ఉంటుంది, స్పిరిట్‌తో గట్టిగా రుద్దితే అది లేచిపోయి వాన నీరు కారుతుంది. ముందు ఒక మూల చిన్నచోట పరీక్షించి చూడాలి. పెట్రోలు, కిరోసిన్, బ్లీచింగ్ ద్రావణం వాడొద్దు. మనిషి బరువు మోసే నైలాన్‌ను బ్లీచ్ బలహీనం చేస్తుంది. స్పిరిట్‌తో పని చేసేటప్పుడు దగ్గర్లో పొయ్యి, సిగరెట్ ఉండకూడదు.

అంటకుండా చూడటమే తేలిక

సన్న తాడు బెరడులోకి కోసుకుపోతుంది. గాయమైన చోట చెట్టు జిగురు కారుస్తుంది. అంటే చాలాసార్లు మన సామాను పాడుచేసేది మనం చేసిన గాయమే. కనీసం అంగుళం, వీలైతే రెండంగుళాల వెడల్పున్న పాలియెస్టర్ పట్టీ వాడితే చెట్టుకూ మేలు, మనకూ మేలు. కింద పాత గోనెసంచి ముక్క చుడితే ఇంకా మంచిది. దల్మా పరిసరాల్లో ధూపం కోసం బెరడు చెక్కిన సాల చెట్లు కనిపిస్తాయి, వాటికి కట్టొద్దు. పట్టీలను ఊయలతో కలిపి మడవకుండా వేరే సంచిలో పెట్టుకుంటే సగం బాధ తప్పినట్లే. అడవిలో ఉండగా జిగురు అంటితే దానిపై పొడి మట్టి అద్దండి, వేరేవాటికి అంటుకోకుండా ఆగుతుంది.

ఒక చెట్టు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. నల్లజీడి. అక్కడివాళ్లు భేల్వా అంటారు. ఒకప్పుడు చాకలివాళ్లు బట్టలపై గుర్తులు పెట్టింది దీని గింజ రసంతోనే. కొమ్మల చివర గుత్తిగా పెద్ద ఆకులు, నారింజ రంగు కండకు అంటుకుని నల్లటి గింజ ఉంటే అదే. దీని రసం గాలి తగిలి నల్లబడుతుంది, ఒంటికి తగిలితే దద్దుర్లు, బొబ్బలు వస్తాయి. పట్టీపై అనుమానంగా నల్లటి మరక కనిపిస్తే చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు. ఒంటికి అంటితే వెంటనే సబ్బు, చన్నీళ్లతో కడగాలి, గోకకూడదు. బొబ్బలు లేస్తే డాక్టర్‌కు చూపించాలి. ఆ పట్టీని మంటలో వేయొద్దు, ఆ పొగ కూడా ప్రమాదమే.

దల్మాలో ఎక్కడపడితే అక్కడ రాత్రి గడపడం కుదరదు. అటవీ శాఖ అనుమతి తీసుకుని, వాళ్లు చూపిన చోటే ఉండాలి. ఏ చెట్టుకు కట్టవచ్చో అక్కడి గార్డును అడగండి. ఏనుగుల దారి ఎటో కూడా ఆయనకే తెలుస్తుంది.