నాటిన మాంసము నిలువనిచో



నేను వైద్యుడను గాను. పాఠశాలలో సంస్కృతాంధ్రములు చెప్పినవాడను. సుశ్రుతసంహితలో తెగిన ముక్కును మరల నిర్మించు విధానము కలదు. ముక్కంత ఆకును కొలతగా గొని, చెక్కిలినుండి అంత భాగమును కోసి అతుకవలెను. అయితే ఆ భాగము చెక్కిలినుండి పూర్తిగా విడిపోరాదు. ఒకవైపు అంటియే యుండవలెను. రక్తము అందినంతవరకే గదా మాంసము జీవించుట!

నేటి శస్త్రవైద్యులు ఆ తొడిమను సైతము కోయుచున్నారు. తొడనుండియో వీపునుండియో చర్మమాంసములను వాని ధమనీసిరలతో గూడ వేరుచేసి, నుజ్జయిన కాలికో, కేన్సరువలన తీసివేసిన దవడకో చేర్చుదురు. రెండుమూడు మిల్లీమీటర్ల నాళములను సూక్ష్మదర్శిని క్రింద, తలవెండ్రుకకంటె సన్నని నైలాన్ దారముతో కుట్టుదురు. గజ్జలోని చర్మమును ఇట్లు కాలికి మార్చిన వృత్తాంతమును డేనియల్, టేలర్ అను వైద్యులు 1973 లో ప్రకటించిరి.

అనుభవముగల ఆసుపత్రులలో ఇట్టివి నూటికి సుమారు 95 నిలుచుచున్నవి. తక్కిన కొలదిమంది గతి యేమి?

కుట్టినచోట నెత్తురు గడ్డకట్టుటయే సాధారణముగా ముప్పు. అది మిక్కిలిగా మొదటి రెండుమూడు దినములలోనే, ధమనికంటె సిరలో తరచుగా కలుగును. సిర మూసికొన్నచో మాంసము నీలివర్ణమై ఉబ్బును. ధమని మూసికొన్నచో పాలిపోయి చల్లబడును. అందువలననే రాత్రియనక పగలనక నర్సులు దానిని తాకి చూచుచుందురు. వెంటనే మరల తెరచి గడ్డను తొలగించినచో పెక్కు దక్కును. ఆలస్యమైనచో సూక్ష్మనాళములే చెడి, పెద్దనాళము తెరచినను రక్తము పారదు. అప్పుడు నాటినదానిని తీసివేయక తప్పదు.

మరల నాటవచ్చునా? నాటవచ్చును, అదియు పలువురకు ఫలించుచున్నది. కాని నారు చచ్చిన మడిలో, ఏల చచ్చెనో అరయక, తెలిసిన రైతు తిరిగి నాటడు. నాళము మెలిపడెనా? లోన చేరిన నెత్తురు దానిని నొక్కెనా? గాయమువలననో, కేన్సరునకిచ్చిన కిరణచికిత్సవలననో అచ్చటి నాళము ముందే చెడియుండెనా? రోగి రక్తమునకే గడ్డకట్టు స్వభావము హెచ్చా? కారణము తెలిసినపిమ్మట గాయమునకు దూరముగా ఆరోగ్యమైన నాళమును వెదకుదురు; అది అందనిచో కాలినుండి తీసిన సిరతో వంతెన కట్టుదురు. పొగత్రాగుట మానిపింతురు.

రెండవమారు నాటుటయే ఎల్లరకు తగినదని తలపరాదు. అందుకై దేహమున మరియొకచోట గాయము చేయవలెను. గంటలకొలది మత్తును సహింపవలెను. కొందరకు ప్రక్కనున్న చర్మమును త్రిప్పి కప్పుటయే మేలు. కొందరకు చెడిన కాలిని తీసివేసి కృత్రిమపాదముతో నడచుటయే త్వరితముగా బ్రతుకుతెరువు చూపును. అది ఓటమి గాదు.

కావున అట్టి కష్టము వచ్చినవారు మూడు ప్రశ్నలు సంకోచింపక అడుగవలెను: మొదటిది ఏల చెడినది? ఈమారు ఏమి మార్చెదరు? ఇదియు నిలువనిచో నాకు మిగులు దారి యేది? వైద్యుని అడుగుట అవిశ్వాసము గాదు. దేహము రోగిది, నిర్ణయమునందు అతనికి భాగముండుట ధర్మము.