నొప్పిని తగ్గించే హార్మోన్: నమ్మే ముందు ఎలా పరీక్షిస్తారు?



బాబు ఆడుతూ పడి మోకాలు గీసుకున్నాడు. మీరు దగ్గరికి తీసుకుని, వీపు నిమిరి, ఉఫ్ అని ఊదారు. ఏడుపు ఆగింది. "హత్తుకుంటే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ వస్తుంది, అదే నొప్పి తగ్గిస్తుంది" అని వాట్సాప్‌లో చదివే ఉంటారు. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మ అడిగారు: "టీచర్, దాని స్ప్రే ఉందట, పాప తలనొప్పికి వాడొచ్చా?"

ఆక్సిటోసిన్ మన మెదడులో తయారయ్యే సహజ హార్మోన్. కాన్పులో గర్భసంచి ముడుచుకోవడానికి, తల్లికి పాలు దిగడానికి తోడ్పడుతుంది. దీన్ని 1953లో ల్యాబ్‌లో తయారుచేసిన విన్సెంట్ డు వినోకు 1955లో నోబెల్ బహుమతి వచ్చింది. మరి నొప్పికి పనిచేస్తుందా? దాన్ని ఇలా పరీక్షిస్తారు.

1. నొప్పి ఉన్నవాళ్లను చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు హార్మోన్ స్ప్రే, రెండో గుంపుకు అలాగే కనిపించే ఉత్తి ఉప్పునీటి స్ప్రే.

2. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ, డాక్టరుకీ తెలియనివ్వరు.

3. నొప్పికి 0 నుంచి 10 వరకు మార్కులు వేయమంటారు. చివర్లో రెండు గుంపులనూ పోల్చి చూస్తారు.

ఉత్తి మందు ఎందుకు? నమ్మకం కూడా నొప్పిని తగ్గిస్తుంది కాబట్టి! 1978లో అమెరికాలో జ్ఞానదంతం తీయించుకున్నవారిపై జరిగిన పరీక్షలో, ఉత్తి మందుతోనే కొందరికి ఉపశమనం కలిగింది. ఒంట్లోని ఎండార్ఫిన్లను అడ్డుకునే నాలోక్సోన్ ఇవ్వగానే వాళ్లకు నొప్పి పెరిగింది. అంటే ఆ ఉపశమనం వాళ్ల ఒంట్లోంచే వచ్చిందన్నమాట.

ఒక్క పరీక్ష చాలదు కూడా. మన బేగంబజార్ పక్కనే ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, నిజాం సాయంతో, 1888, 1889లలో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. "ఊపిరి గమనిస్తే చాలు, గుండెకు భయం లేదు" అని తేల్చాయి. 1911లో గుడ్‌మన్ లెవీ క్లోరోఫాం గుండెను నేరుగా ఆపగలదని చూపించారు.

ఆక్సిటోసిన్ విషయంలోనూ కొన్ని పరీక్షల్లో నొప్పి తగ్గింది, మరికొన్నింట్లో తేడా కనిపించలేదు. కాబట్టి డాక్టర్ చెప్పకుండా పిల్లలకు ఏ హార్మోనూ వాడకండి. తలనొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టరుకు చూపించండి.

దగ్గరికి తీసుకోవడం మాత్రం మానకండి. దానికి ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదు!

— మీ సైన్స్ టీచర్, బేగంబజార్ బ్రాంచ్