పసుపు కొమ్ము – పసుపు గుళిక

విశాఖపట్టణమునకు వాయవ్యమున, తూర్పు కనుమలలో పాడేరు అను ఊరు కలదు. 2022 వరకు అది విశాఖపట్టణము జిల్లాలోనిదే. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్యపట్టణము. ఆ కొండలలో గిరిజన రైతులు పసుపు పండింతురు. దుంపలను త్రవ్వి తీసి, ఉడికించి, ఎండలో అనేక దినములు ఆరబెట్టి, పైపొర పోవునట్లు రాచి మెరుగు పెట్టుదురు. ఆ కొమ్ములు కనుమదారి దిగి మైదానమునకు వచ్చును. విశాఖ పూర్ణామార్కెట్టులోని పచారి కొట్లలో పసుపు కొమ్ములుగా కనబడును. మందుల దుకాణములలో అదే పసుపు చిన్న సీసాలలో గుళికల రూపమున కనబడును. సీసాపై కొమ్ము బొమ్మ కూడ ముద్రించియుండును. ఆ బొమ్మను చూచినవారు, “ఇది మన వంటింటి పసుపే కదా! దీనివలన హాని యేమి?” అని తలంతురు. ఆ తలంపు ఎంతవరకు సరియైనదో విచారింతము.

పసుపులో ఎక్కువ భాగము పిండిపదార్థము. దానికి రంగునిచ్చునది కుర్కుమిన్ అను పదార్థము. 1815లో వోగెల్, పెలెటియర్ అను శాస్త్రజ్ఞులు దీనిని మొదట వేరుపరచిరి. దాని అణునిర్మాణము 1910లో గాని తెలియలేదు. మొక్కలలోని రంగులను వేరుచేసి పరిశోధించు విద్య మన విశాఖకు క్రొత్తది కాదు. 1930లలోను, 1940లలోను వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్య టి. ఆర్. శేషాద్రిగారు, వారి శిష్యులు ప్రత్తిపూవులు మొదలైనవానిలోని రంగుపదార్థములను వేరుపరచి, వాని నిర్మాణమును నిరూపించి పేరుగాంచిరి. ఒక పూవులో ఎన్నో పదార్థములు కలసియుండును. వానిలో ఒక్కదానిని మాత్రమే శుద్ధిచేసి తీసినచో, అది పూవు కాదు, వేరొక వస్తువు. ఈ సంగతి ఆ ప్రయోగశాలలో పని చేసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

పసుపు గుళిక తయారగు విధమును చూడుడు. కొమ్ములను పొడిచేసి, సారాయము వంటి ద్రావకములో నానవేయుదురు. రంగు ద్రావకములో దిగును. పిండి, పీచు మిగిలిపోవును. ద్రావకమును ఆవిరిచేసి, మిగిలిన జిగురును శుద్ధిచేసినచో నారింజవన్నె పొడి లభించును. అందు నూటికి 95 వంతులు కుర్కుమిన్, దాని జాతి పదార్థములే. మామూలు పసుపులో అవి నూటికి మూడు వంతుల ప్రాంతమున మాత్రమే ఉండును.

ఇప్పుడు చిన్న లెక్క వేయుదము. నలుగురు తిను కూరలో అర చెంచా, అనగా సుమారు ఒకటిన్నర గ్రాముల పసుపు వేసితిమనుకొందము. అందులోని కుర్కుమిన్ 45 మిల్లీగ్రాములు. ఒక్కొక్కరికి వచ్చునది పదకొండు మిల్లీగ్రాములు. 500 మిల్లీగ్రాముల సారము గల ఒక గుళికలో 475 మిల్లీగ్రాములుండును. అనగా ఒక్క గుళిక మ్రింగినవాడు ఐదు చెంచాలకు మించిన పసుపులోని రంగును ఒక్క గ్రుక్కలో మ్రింగినట్లే! ఆహారమునకు రంగువేయు పదార్థములను పరిశీలించు అంతర్జాతీయ నిపుణుల సంఘము, దినమునకు శరీరపు బరువులో కిలోకు 3 మిల్లీగ్రాముల వరకు కుర్కుమిన్ జీవితాంతము తినవచ్చునని నిర్ణయించినది. నలువది కిలోల బరువుగల బాలునికి అది 120 మిల్లీగ్రాములు. కూర ఆ హద్దుకు ఎంతో దిగువన ఉన్నది. గుళిక ఆ హద్దుకు సుమారు నాలుగింతలున్నది.

ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. తిన్న కుర్కుమిన్‌లో మిక్కిలి కొద్ది భాగమే రక్తములో చేరును. ప్రేగులు, కాలేయము దానిని మార్చివేసి బయటకు పంపును. ఇది శరీరము కట్టుకొన్న కోటగోడ వంటిది. 1998లో బెంగుళూరునందలి సెయింట్ జాన్స్ వైద్యకళాశాలవారు రెండు గ్రాముల కుర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల మిరియపు సారమును, అనగా పైపెరిన్‌ను, కలిపి ఇచ్చి చూచిరి. రక్తములో చేరు భాగము ఇరువదింతలు పెరిగెను. అప్పటినుండి అనేక సంస్థలు తమ గుళికలలో పైపెరిన్‌ను కలుపుచున్నవి. మన చారులోను మిరియములు పడును గదా అని మీరడుగవచ్చును. పడును, కాని చారులోని పసుపు చిటికెడే. చిటికెడును ఇరువదింతలు చేసినను భయము లేదు.

పసుపు సారమువలన కాలేయము దెబ్బతినుట కేవలము ఊహ కాదు. 2019లో ఇటలీ దేశమున ఇట్టి గుళికలు వాడినవారిలో కాలేయపు వాపు వరుసగా బయటపడెను. ప్రభుత్వము పరీక్షలు చేయించినది. అందు కల్తీ కనబడలేదు. అమెరికా దేశపు వైద్యులు 2022లో పదిమంది రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. వారిలో ఐదుగురు ఆసుపత్రిలో చేరవలసివచ్చెను, ఒకరు మరణించిరి. పదిమందిలో ఏడుగురికి ఒక ప్రత్యేక జన్యులక్షణము పుట్టుకతోనే ఉన్నదని కూడ తేలినది. 2023లో ఆస్ట్రేలియా ప్రభుత్వమును ఇట్టి హెచ్చరికనే చేసినది. గుళికలు వాడువారందరును వ్యాధిగ్రస్తులగుదురని దీని అర్థము కాదు. అట్లగువారు బహు కొద్దిమంది. ఐనను ఆ లక్షణము తనలో కలదో లేదో సామాన్యునికి తెలియు మార్గము లేదు.

మందులు వాడుచున్నవారికి మరియొక చిక్కు. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ అను మందు తినుచున్న న్యూజిలాండు రోగి ఒకరు పసుపు గుళికలు మొదలిడిన కొలది వారములలోనే, రక్తస్రావమునకు దారితీయునంతగా రక్తము పలుచబడెనని 2018లో ఆ దేశపు ఔషధశాఖ తెలిపినది. పైపెరిన్‌కు పసుపును మాత్రమే లోనికి పంపవలెనను నియమము లేదు. తలుపు తెరచినపుడు ఇతర ఔషధములు కొన్ని కూడ వైద్యుడు తలచినదానికంటె అధికముగా లోనికి పోవును.

ఉక్కునగరపు బాలురకు ఒక పోలిక చెప్పిన చాలును. బైలదిల్లా కొండలనుండి రైలులో దిగివచ్చు ఇనుపరాతికి పదును లేదు. దానినుండి తీసిన ఉక్కుకు కలదు. పదునువలన ప్రయోజనమును ఉన్నది: మోకాళ్ళ నొప్పులు గలవారికి పసుపు సారము కొంత ఉపశమనమిచ్చినట్లు కొన్ని పరిశోధనలు తెలుపుచున్నవి. అట్టి పదునుగల వస్తువును మన చట్టము మాత్రము ఔషధముగా గాక ఆహారముగా లెక్కించుచున్నది. “వైద్యోపయోగమునకు కాదు” అను మాట సీసాపై ముద్రింపవలెనని నియమము కలదు గాని, అది కొమ్ము బొమ్మ వలె కంటికి ఆనదు.

మీ ఇంటిలో తాతగారో, అమ్మమ్మగారో ఇట్టి గుళికలు వాడుచున్నచో ఆ సీసాను వైద్యునకు చూపుట మంచిది. ఏమేమి మందులు తినుచున్నారని వైద్యుడు అడిగినపుడు పెద్దలు తరచుగా దీనిని చెప్పరు. వారి దృష్టిలో అది మందు కాదు. కాలేయపు బాధ సాధారణముగా వాడుక మొదలిడిన ఒకటి మొదలు నాలుగు నెలల లోపల కనబడును. ఆకలి మందగించుట, అలసట, మూత్రము ముదురు రంగుకు మారుట, కన్నులు పచ్చబడుట దాని గుర్తులు. వెంటనే గుళికలు మానినవారిలో పెక్కుమందికి కొలది వారములలోనో, నెలలలోనో కాలేయము మరల స్వస్థపడుచున్నది.