మూసీ వఱదయు, చెఱువుల లెక్కయు

నల్లమాడ మెట్టలలో చినుకుకై మొగము వాచిన రైతునకు వఱద భయమును గూర్చి చెప్పుట వింతగా దోచును. కాని 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురపు కాలనీలు మునుగుట మన మెఱిగినదే. ఈ సందర్భమున నగర నిర్మాణ దక్షులగు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు హైదరాబాదున జేసిన పని స్మరింపదగును. వీరి పూర్వులది తెలుగుసీమ; జననము మన పొరుగుననే యున్న ముద్దెనహళ్లి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి యా నగరమున వేలాది ప్రాణములను గొనిపోయెను. బొంబాయి ప్రభుత్వపు కొలువు చాలించి విదేశములు తిరుగుచుండిన వీరిని నిజాం ప్రభుత్వము మఱుసటి యేడు రప్పించినది. మఱొకరైనచో నదికి గోడలు గట్టి చాలించెడివారేమో! వీరు ముందుగా ఎగువ పల్లెలవంక జూచిరి. నదికి నీరు దెచ్చు ప్రదేశమున 788 చెఱువులుండగా, వానిలో 221 తెగినవని లెక్క తేలినది. పై చెఱువు తెగి క్రింది చెఱువుపై బడ, ఆ నీరంతయు పట్టణమును ముంచెత్తినది. కావుననే నగరమునకెగువ మూసీపై నొకటియు, ఈసీపై నొకటియు జలాశయములు గట్టవలెనని సూచించిరి. 1920లో ఉస్మాన్ సాగరము, 1927లో హిమాయత్ సాగరము పూర్తియయ్యెను. వఱద నాపిన కట్టలే నగరమునకు త్రాగునీరును సమకూర్చినవి. మురుగు కాలువల పథకమును సైతము వీరే సిద్ధపఱచిరి.

మన సీమలో కట్టపై చెట్లు మొలచి, తూము పూడిన చెఱువు నేడును ఊరివారి గోడుగానే యున్నది. దిగువ పట్టణముల పద్దులలో దాని మరమ్మతున కొక్క రూపాయియు వ్రాయరేల?