కొరియా షేర్ల చౌక ధర: పాలనా పద్ధతుల పాత్ర

దక్షిణ కొరియాలో లాభాలార్జించే కంపెనీల షేర్లు సైతం అనేకం పుస్తక విలువకన్నా తక్కువ ధర పలుకుతాయి. దీనినే 'కొరియా డిస్కౌంట్' అంటారు. ఆర్థిక ఫలితాలు మాత్రమే దీనిని వివరించలేవు. ఆ లాభంపై అధికారం ఎవరిదన్నదే కీలకం. చేబోల్ కుటుంబాలు స్వల్ప వాటాతోనే, అనుబంధ కంపెనీల వాటాల ఆసరాతో సమూహమంతటినీ నియంత్రిస్తాయి.

2015లో శాంసంగ్ సి అండ్ టి సంస్థను చెయిల్ ఇండస్ట్రీస్ విలీనం చేసుకున్నప్పుడు, మొదటి సంస్థ వాటాదారులకు ఒక్కో షేరుకు 0.35 చెయిల్ షేరు దక్కింది. లిస్టెడ్ కంపెనీల విలీన నిష్పత్తికి నాటి చట్టం ప్రకారం మార్కెట్ ధరే ప్రాతిపదిక, ఆస్తుల విలువ కాదు. వారసుడు లీ జే-యోంగ్ వాటా చెయిల్‌లోనే ఉండేది. ఈ వ్యవహారంలో ఆయన నిర్దోషి అన్న తీర్పును సుప్రీంకోర్టు 2025లో ఖరారు చేసింది. అయితే నేరం లేనంతమాత్రాన ప్రయోజనాల వైరుధ్యం లేదనలేము. వారసత్వ పన్ను గరిష్ఠ రేటు 50 శాతం; లిస్టెడ్ షేర్లకు లెక్కగట్టేదీ మార్కెట్ ధరపైనే. ధర పెరగాలన్న ఆతురత యజమాని కుటుంబానికి లేనిచోట, కంపెనీలో పోగైన నగదు డివిడెండుగా బయటికి వస్తుందన్న నమ్మకం చిన్న వాటాదారునికి ఎలా కలుగుతుంది? డైరెక్టర్ల విధేయతా బాధ్యతను వాటాదారులకూ విస్తరిస్తూ 2025 జూలైలో వాణిజ్య చట్టాన్ని సవరించినది ఈ నేపథ్యంలోనే.